‘అనగననగ రాగం’: అనేదెవరు, అనిపించేదెవరు?

సంగీతం సాధన చెయ్యనని మొండికేసిన కూతురికి వేమన పద్యం చెబితే, పిల్ల ఏడ్చి తలుపేసుకుందని నిన్న ఒక సోదరి రాశారు. పద్యంలో తప్పేముందని అడిగారు. పద్యంలో తప్పు లేదమ్మా, మనం వాడే తీరులోనే ఉంది.

అనగననగ రాగ మతిశయించుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినురవేమ

‘అనగననగ’ అంటే పాడగా పాడగా. ‘అతిశయించు’ అంటే అంతకంతకూ మెరుగవడం. క్రియలు గమనించండి: అనగ, తినగ. అనిపించగ, తినిపించగ కాదు. రాగం మెరుగయ్యేది అన్నవాళ్ళకే, వేపాకు తియ్యనయ్యేది తిన్నవాళ్ళకే. వెనక నిలబడి అనిపించే మనిషి ఈ పద్యంలో ఎక్కడా లేదు.

మరి మన ఇళ్ళలో? విశాఖ ఎంవీపీ కాలనీలో మా కింది వాటా నుంచి పొద్దున్నే వినబడేదే చెబుతాను. శ్రుతిపెట్టె మోగుతుంటుంది. పిల్ల జంట వరుసలు (స్వరాలను రెండేసిసార్లు పలికే తొలి పాఠాలు) ‘సస రిరి గగ మమ’ అంటూ రెండో కాలం దాకా, అంటే రెట్టింపు వేగం దాకా, చక్కగా వస్తుంది. అంతకన్నా వేగమైన మూడో కాలంలో తాళం ఒక దారి, గొంతు ఒక దారి. వంటింట్లోంచి “మళ్ళీ అను” అని కేక. అంటుంది. “మళ్ళీ!” ఈసారి శ్రుతిపెట్టె ఆగిపోతుంది. అప్పుడు వస్తుంది పద్యం, అదీ రెండో పాదం ఒక్కటే. రాగం ఉన్న పాదం వదిలేసి వేపాకు ఉన్న పాదం చెబితే పిల్లకి ఏం వినబడుతుంది? చేదే కదా!

పైగా మన భాషలో ‘అను’కి మందలించడమనే అర్థం కూడా ఉంది. “అమ్మ నన్ను అంది” అని పిల్ల నాన్న దగ్గర చెప్పుకుందంటే, తిట్టిందనే. అలా అనగా అనగా అతిశయించేది రోషమే.

అమ్మల బాధ నాకు తెలియక కాదు. 1919లో మొదలైన సంగీత కళాశాల పక్కనే విజయనగరంలో ఉంది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు, గాయని పి. సుశీల గారు చదువుకున్న చోటు. అయినా ఆడపిల్లను అక్కడిదాకా పంపని ఇళ్ళెన్నో. తొలి పాటలైన గీతాలు దాటి, వాటికన్నా కష్టమైన వర్ణాల్లోకి వచ్చేసరికి పెళ్ళి కుదిరి, పాఠం అక్కడితో ఆగినవాళ్ళెందరో. మా ఊరి కళాభారతి ఆడిటోరియంలో కచేరీకి కూతుర్ని వెంటబెట్టుకొచ్చే తల్లి మనసులో ఆ ఆగిన పాఠం ఉంటుంది. ఆ ఆశ గౌరవించాల్సిందే. కానీ అది అమ్మ ఆశ అని ఇంట్లో ఒక్కసారైనా పైకి చెప్పుకోవాలి. పిల్ల బద్ధకం అన్న పేరు పెట్టకూడదు.

“సంగీతం నేర్పడమంటేనే అనిపించడం కదా” అని ఇంకొకరు రాశారు. నిజమే, గురువుగారు పిల్లచేత అనిపిస్తారు. అయితే ముందు తాను అంటారు, ఆ తరువాతే “ఏదీ, నువ్వు” అంటారు. అమ్మ కూడా స్టవ్ కట్టేసి వచ్చి, చాప మీద కూర్చుని, తనకి రాకపోయినా పిల్లతోపాటు ఆ మూడో కాలం అననివ్వండి. తరువాత పద్యం చెబితే పిల్ల వింటుంది.

ఇదే అర్థంలో “పాడగా పాడగా రాగం, మూలగ్గా మూలగ్గా రోగం” అని సామెత కూడా ఉంది. మా ఇంట్లో మొదటి సగమే అనేవారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు మీ ఇళ్ళలో రెండో సగం కూడా అంటారా? ఎవరు, ఏ సందర్భంలో అంటారో రాయండి.