1877 నాటికి అమెరికా ఉత్తరాది రాష్ట్రాలు ఎందుకు వెనక్కి తగ్గాయి?

అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. అమెరికా అంతర్యుద్ధం తర్వాత, ఓడిన దక్షిణాదిని తిరిగి దేశంలో కలుపుకొని నల్లజాతివాళ్లకు హక్కులిచ్చిన పునర్నిర్మాణ కాలం మీద సెమినార్ పేపరు రాస్తూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు సాయం చేయండి.

1865లో రాజ్యాంగ 13వ సవరణతో బానిసత్వం రద్దయింది. 1868లో 14వ సవరణ పౌరసత్వం ఇచ్చింది, 1870లో 15వ సవరణ జాతి పేరుతో ఓటు హక్కు కాదనకూడదంది. ఆ ఏడాదే మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతీయుడు సెనేట్‌లో అడుగుపెట్టాడు. బానిసత్వం పోయి అయిదేళ్లు తిరగకుండానే! చదువుతుంటే ఒళ్లు పులకరించింది.

మరి 1877కల్లా దక్షిణాదిలో ఈ హక్కుల పరిస్థితి ఎలా తలకిందులైంది? హేస్, టిల్డెన్ పోటీపడ్డ 1876 అధ్యక్ష ఎన్నికల వివాదంలో కుదిరిన బేరం వల్ల దక్షిణాదిలోని కేంద్ర సైన్యం పక్కకు తప్పుకుందని చెప్పి చాలా పాఠాలు వదిలేస్తాయి. నాకది చాలదనిపిస్తోంది. 1873లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. అదే ఏడాది లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో నల్లజాతివాళ్లను ఊచకోత కోశారు. శిక్ష పడ్డ కొద్దిమందినీ 1876లో క్రూక్‌షాంక్ కేసులో సుప్రీంకోర్టు వదిలేసింది. నా దృష్టిలో అసలు మలుపు ఆ తీర్పే. కేంద్రం కాపాడదని హంతకులకు అర్థమైపోయాక సైన్యం ఉన్నా లేకున్నా ఒకటే కదా?

ఈ వాదన నిలబడుతుందా? లేక సంక్షోభానికే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలా? ఆనాటి ఉత్తరాది పత్రికలు, కాంగ్రెస్ చర్చలు ఉచితంగా ఎక్కడ చదవొచ్చో కూడా చెప్పగలరా? తెలుగులో మంచి వ్యాసాలుంటే మరీ సంతోషం.