సముద్రం ఎదురుగా ఉన్న ఇంటికి ఏ టీవీ మంచిది?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, లాసన్స్ బే కాలనీ. అమ్మానాన్నల కోసం 55 అంగుళాల టీవీ కొనాలి. బడ్జెట్ 60 వేల లోపు.

అసలు టెన్షన్ ఉప్పుగాలితోనే. పాత టీవీ బోర్డు మళ్లీ పోయింది. మెకానిక్ వెనక మూత తీసి చూపిస్తే హెచ్‌డీఎంఐ పోర్టుల చుట్టూ పచ్చగా చిలుము, స్క్రూల తలలు తుప్పుపట్టి రాలిపోతున్నాయి. తేమ వల్ల పాడైతే వారంటీ వర్తించదని సర్వీసువాళ్లు చెప్పేశారు. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు టీవీని ఎలా కాపాడుకుంటున్నారు? సముద్రం వైపు గోడకు కాకుండా లోపలి గోడకు బిగిస్తే ఏమైనా తేడా ఉంటుందా?

హాలు తూర్పు ముఖం, పొద్దున్నే ఎండ నేరుగా పడుతుంది. అందుకే, అంత వెలుతురులో బొమ్మ కాస్త మసకగా కనిపించే ఓఎల్‌ఈడీ రకం తెర వద్దనుకున్నాను. రంగులు, కాంతి ఎక్కువని చెప్పే క్యూఎల్‌ఈడీ కూడా లోపల మామూలు టీవీల్లో ఉండే ఎల్‌సీడీ ప్యానెలే కదా, దానికి అదనంగా పెట్టే డబ్బు ఆ వెలుతురులో కంటికి కనిపిస్తుందా?

ఇంకో ముఖ్యమైన సంగతి. నాన్నగారికి వినికిడి బాగా తగ్గింది. వార్తలు ఆయనకు వినపడేంత సౌండ్ పెడితే అమ్మకు తలనొప్పి. చాలా టీవీల్లో బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలపగానే స్పీకర్ ఆగిపోతుంది. రెండూ ఒకేసారి పనిచేస్తూ, వాల్యూమ్ విడివిడిగా మార్చుకోగలిగే మోడల్ మీరు స్వయంగా వాడుతుంటే దయచేసి పేరు చెప్పండి. ఆయన పక్కన కూర్చుని అమ్మ కూడా హాయిగా టీవీ చూడాలని నా ఆశ.