నీటికాసులకు లేజర్: వాడి పారేసే లెన్స్ భయం లేదా?

కావలి నుంచి: అమ్మకు 62 ఏళ్లు, రెండు కళ్లలోనూ నీటికాసులు (గ్లకోమా). గురువారం నెల్లూరులో లేజర్. చీటీ మీద ‘ఎస్‌ఎల్‌టీ’ అని రాశారు, కంటి ప్రెజర్ తగ్గించే లేజర్ అంట. కంటి మీద పెట్టేది వాడి పారేసే లెన్స్ అంట. లేజర్ తగిలి ఆ ప్లాస్టిక్ కరిగి కంటికి అతుక్కుంటుందేమోనని అమ్మ రెండు రోజులుగా సరిగా అన్నం తినట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండన్నా.

ఒంగోలు నుంచి: కరగదు తమ్ముడూ, అమ్మకు ధైర్యం చెప్పు. నేను లేజర్ గదిలో 9 ఏళ్లుగా పనిచేస్తున్నా. ఎస్‌ఎల్‌టీలో ఒక్కో షాట్ 3 నానోసెకన్లే. అది 532 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుతురు, తేటగా ఉన్న ప్లాస్టిక్‌లోంచి దాటిపోతుంది. లెన్స్‌కీ కంటికీ మధ్య జెల్ కూడా ఉంటుంది.

చూసుకోవాల్సింది వేరే ఉంది. ప్యాకెట్ మీద లేజర్‌కి పనికొస్తుందని రాసుండాలి. కంటి కోణం (కంట్లో నీరు బయటికి పోయే చోటు) చూడ్డానికి మాత్రమే చేసిన లెన్సులూ వస్తాయి, అవి దీనికి వద్దు. సీలు మీ ముందే చించమని అడుగు, మొహమాటపడొద్దు. నేను ముందు పనిచేసిన చోట వాడేసిన లెన్స్‌నే స్పిరిట్ దూదితో తుడిచి ఇంకొకరికి పెట్టడం నా కళ్లారా చూశా. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే దాని మీద సాలెగూడులా సన్న గీతలు. అట్టాంటి లెన్స్‌లో షాట్ చెదిరిపోతుంది. పైగా కండ్లకలక తెచ్చే అడినోవైరస్ స్పిరిట్‌తో తుడిచినంత మాత్రాన పోతుందనుకోలేం.

కందుకూరు నుంచి: మా నాన్నకు గాజు లెన్స్‌తోనే చేశారు, అది తప్పా?

ఒంగోలు నుంచి: తప్పేం లేదక్కా. మళ్లీ మళ్లీ వాడ్డానికే చేసినవి అవి. ఒక్కో మనిషికీ మధ్య కంపెనీ చెప్పిన పద్ధతిలో క్రిములు చంపే మందునీళ్లలో నానబెట్టి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. మందు మిగిలితే నల్లగుడ్డు పైపొర మండి పుండు పడుతుంది.

కావలి నుంచి: చాలా థ్యాంక్స్ అన్నా. చుక్కల మందు ఆ రోజు ఆపాలా?

ఒంగోలు నుంచి: డాక్టర్ ఆపమంటేనే ఆపండి. లేజర్ అయ్యాక కొందరికి కొన్ని గంటలు కంటి ప్రెజర్ పెరుగుతుంది. అందుకే గంట తర్వాత మళ్లీ కొలిపించుకున్నాకే బయల్దేరండి. రాత్రి కన్ను బాగా నొప్పెట్టి, చూపు మసకై, వాంతులైతే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపో. ఆ రోజు చూపు కాస్త మసగ్గా ఉంటుంది, అమ్మను ఒక్కదాన్నే కావలి బస్సెక్కించొద్దు.