అప్‌డేట్: మేనల్లుడి ఎముక క్యాన్సర్, కీమో మందు మార్చాలా అన్న ప్రశ్నకు

పర్లాకిమిడి నుంచి అడిగింది నేనే. మేనల్లుడికి మోకాలి దగ్గర ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్. ఆపరేషన్‌కు ముందు కీమో ఇచ్చినా, తీసిన గడ్డలో సగమే చచ్చిందని రిపోర్టు వచ్చింది. మందు మార్చాలా అని అడిగాను.

మార్చట్లేదు. విశాఖలో డాక్టరు గారు రిపోర్టులో నెక్రోసిస్ (అంటే గడ్డలో ఎంత చచ్చిందన్నది) అన్న చోట పెన్నుతో గీత గీసి చూపించారు. 90 శాతం, ఆపైన చస్తే మంచి స్పందన, మనది తక్కువే. అయితే ఇలాంటి వాళ్లకే ఐఫాస్ఫమైడ్, ఎటోపొసైడ్ అనే మరో రెండు కీమో మందులు అదనంగా ఇచ్చి చూసిన యూరామోస్ అనే పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. లాభం కనిపించలేదు, సైడ్ ఎఫెక్టులు పెరిగాయి. అక్క ముఖం వాడిపోయింది గానీ, ఆయన దాచకుండా చెప్పడమే నాకు నచ్చింది.

మందు ఎందుకు పనిచేయదంటే, కొన్ని క్యాన్సర్ కణాలు లోపలికొచ్చిన డాక్సోరుబిసిన్ అనే కీమో మందును మోటారు పెట్టి నీళ్లు తోడినట్టు బయటికి తోసేస్తాయట. మెథోట్రెక్సేట్ అనే ఇంకో కీమో మందును సరిగా లోపలికే రానివ్వనివీ ఉంటాయి. ఆ తోడివేతను ఆపే మందులు ల్యాబులో బాగానే ఉన్నా, రోగుల దగ్గరికొచ్చేసరికి పనిచేయలేదు.

అందుకే పాత కీమోనే పూర్తి చేస్తున్నాం. తర్వాత జబ్బు అక్కడికి పాకిందేమో చూడటానికి ఊపిరితిత్తులకు సీటీ స్కాన్ తీయిస్తూ ఉండాలి. జబ్బు తిరగబెడితే కొన్నాళ్లు అదుపు చేయడానికి రెగోరఫెనిబ్ మాత్రలున్నాయన్నారు. బరంపురంలో ఎవరో ఇస్తామన్న నాటు వేరుమందు మాత్రం వద్దని నాన్నకి తెగేసి చెప్పా.