‘ముఖ్య అతిథి’ అంటే మాట్లాడటానికి వచ్చినవారా, కూర్చోబెట్టడానికి పిలిచినవారా?

కొలంబస్, ఒహాయో నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఊరి తెలుగు సంఘం ఉగాది సంచికకి చిన్న వ్యాసం రాస్తూ మూడు మాటల దగ్గర ఆగిపోయాను. నేను నీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన, తన కాలేజీ ఫ్రెటర్నిటీ (విద్యార్థుల సంఘం) పూర్వసభ్యుల క్లబ్బులో మాట్లాడమని పిలిచారు. నెలకోసారి ఒక రెస్టారెంటు వెనక గదిలో కలుస్తారు. చాలామంది డెబ్భై దాటినవాళ్ళు. సూపు, శాండ్‌విచ్, ఎవరి బిల్లు వాళ్ళదే. తినడం అయ్యాక ఒకాయన చెంచాతో గ్లాసు మీద టింగుమని కొట్టి, నా పేరూ నేను చేసే పనీ చెప్పి కూర్చున్నారు. పరిచయమంటే అంతే. కుళాయి నీళ్ళ గురించి ఇరవై నిమిషాలు చెప్పాను. ఆ తర్వాత అంతకంటే ఎక్కువసేపు ప్రశ్నలతో కాల్చుకుతిన్నారు. చివర్లో వాళ్ళ సంఘం పేరులోని గ్రీకు అక్షరాలు అచ్చేసిన కాఫీ కప్పు చేతిలో పెట్టారు.

‘ముఖ్య అతిథిగా వెళ్ళాను’ అని రాసి తెనాలిలో ఉన్న అమ్మకి పంపితే, “శాలువా ఏ రంగుదే?” అని అడిగింది! గెస్ట్ స్పీకర్, ఫ్రెటర్నిటీ, అలమ్నై. ఈ మూడింటికీ మంచి తెలుగు చెప్పండి.

రాజమండ్రి నుంచి:

అమ్మా, మీ అమ్మగారు సరిగ్గానే అడిగారు. మన సభల్లో ముఖ్య అతిథి అనేది ఒక పదవి. ఆయన ఒక్క ముక్క మాట్లాడకపోయినా ముఖ్య అతిథే. జ్యోతి వెలిగించాలి, పుస్తకం ఆవిష్కరించాలి, దండ వేయించుకోవాలి, వేరే కార్యక్రమం ఉందని మధ్యలో లేచి వెళ్ళాలి. ఏ ఆహ్వానపత్రమైనా తీసి వరస చూడండి: సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. (ఆత్మీయత ఒకరికే రాసిచ్చేస్తే మిగతా వాళ్ళ గతేమిటో!) ఇంతమంది అయ్యాక అడుగున ఎక్కడో ‘వక్త’ ఉంటాడు. సభకి అసలు సరుకు తెచ్చినవాడు ఆయనొక్కడే. మైకు ఆయన చేతికొచ్చేసరికి పక్క హాల్లోంచి పులిహోర తాలింపు వాసన వస్తుంటుంది, జనం చెప్పులు వెతుక్కుంటుంటారు.

మీరు వెళ్ళిన చోట ఆ పదవే లేదు. మాట్లాడటానికి పిలిచారు, మాట్లాడారు. ఇక ‘అతిథి’ అంటే తిథి లేనివాడు, చెప్పకుండా వచ్చేవాడు అని నిరుక్తి చెబుతారు. మీరు తారీఖు ఖాయం చేసుకుని మరీ వెళ్ళారు. పోనీ ‘అతిథి వక్త’ అందామంటే ‘అతిథి అధ్యాపకుడు’ గుర్తొస్తాడు, మన కాలేజీల్లో గంటకింత అని ఇచ్చి పాఠాలు చెప్పించుకునే గెస్ట్ లెక్చరర్. శుభ్రంగా ‘వక్త’ చాలు. ‘ఆ నెల వక్తగా నన్ను పిలిచారు’ అని రాయండి.

మీరు చేసినది ప్రసంగం. ఉపన్యాసం అన్నా తప్పు లేదు కానీ సూపు గిన్నెల మధ్య చెప్పిన నాలుగు మాటలకి అది కాస్త బరువు. పైగా హిందీలో అదే మాటకి నవల అని అర్థం. అక్కడి స్నేహితులతో ఉపన్యాసం ఇచ్చానంటే పుస్తకం ఎక్కడ అంటారు.

హనుమకొండ నుంచి:

ఫ్రెటర్నిటీ సంగతి నేను చెప్తా. ‘సోదర సంఘం’ అని రాస్తే చదివేవాళ్ళు ఏ కులసంఘమో అనుకుంటారు. ‘సౌభ్రాతృత్వం’ రాజ్యాంగ పీఠికలో ఉన్న మాట. కానీ అది మనుషుల మధ్య ఉండాల్సిన గుణం, మనుషుల గుంపు కాదు. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట, మనకు కాదు. డాక్టర్లందరినీ కలిపి ‘మెడికల్ ఫ్రెటర్నిటీ’ అన్నప్పుడు మన పేపర్లు ‘వైద్యలోకం’ అని చక్కగా రాస్తాయి. ఆ లోకం ఈ క్లబ్బుకు పనికిరాదు.

లాటిన్ ‘ఫ్రేటర్’ మన సంస్కృత ‘భ్రాతృ’కు దగ్గరి చుట్టమే. ‘సోదరుడు’ వేరు, ఒకే ఉదరంలోంచి వచ్చినవాడు. ప్రమాణం చేసి అన్నదమ్ములైన వాళ్ళకు అది అతకదు. మా దగ్గర హాస్టల్లో సీనియర్ ఎవరైనా ‘అన్న’నే. ఫ్రెటర్నిటీలో కూడా కొత్తగా చేరిన పిల్లగాడికి ఒక ‘బిగ్ బ్రదర్’ను జత చేస్తారు. పెద్దోడా చిన్నోడా చెప్పాలంటే ఇంగ్లీషుకు బిగ్, లిటిల్ తగిలించాలి, మనకు మాటలోనే ఉంది. అట్లాగని ‘అన్నదమ్ముల సంఘం’ అని పెడితే పొలం పంపకాల పంచాయితీ అనుకుంటారు! ఫ్రెటర్నిటీని ఫ్రెటర్నిటీ అనే ఉంచండి మేడం. మొదటిసారి వచ్చిన చోట ‘కాలేజీలో ఉండగా ప్రమాణం చేసి చేరే కుర్రాళ్ళ సంఘం’ అని ఒక ముక్క కలిపితే సరిపోతుంది.

డాలస్ నుంచి:

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నాను. మా అబ్బాయి చదివేటప్పుడు ఈ సంఘాల చరిత్ర కొంత చదివాను. 1776 డిసెంబరు 5న వర్జీనియాలో, విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు కొందరు ఫై బీటా కప్పా పెట్టుకున్నారు. గ్రీకు అక్షరాల పేర్లు అక్కడ మొదలు. రహస్యంగా కలిసి వాదప్రతివాదాలు చేసుకునేవాళ్ళు. తర్వాత అది బాగా చదివే పిల్లలకిచ్చే గౌరవ సంఘంగా మారింది. ఇప్పుడు మనం ఫ్రెటర్నిటీ అనుకునే రకం, 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో పుట్టిన కప్పా ఆల్ఫా దగ్గర్నుంచి లెక్క. కార్నెల్‌లో నల్లజాతి విద్యార్థులు 1906లో ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు, మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడు. మనవైపు పిల్లలకీ ఉన్నాయి. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో 1998లో దక్షిణాసియా కుర్రాళ్ళు డెల్టా ఎప్సిలాన్ సై మొదలుపెట్టారు.

వక్తని పిలిచే అలవాటు కూడా పాతదే. 1837 ఆగస్టు 31న ఫై బీటా కప్పా హార్వర్డ్ శాఖ వార్షిక సభకి మొదట అనుకున్నాయన రానంటే, ఆ ఖాళీలో రచయిత ఎమర్సన్‌ని పిలిచారు. ఆయన ఇచ్చినదే ‘ది అమెరికన్ స్కాలర్’ ప్రసంగం. అమెరికా మేధకి అది స్వాతంత్ర్య ప్రకటన అని కవి ఆలివర్ వెండెల్ హోమ్స్ మెచ్చుకున్నాడు. రెండో ఎంపికగా వచ్చిన వక్త చేసిన పని అది!

మీ ప్రశ్నలో లేని ఇంకో మాట గురించి కూడా జాగ్రత్త. నెలకోసారి కలుస్తారు కదా అని ‘మాసిక సమావేశం’ అనకండి. మన ఇళ్ళల్లో మాసికం అంటే ఏమిటో మీకు తెలుసు. డెబ్భై దాటినవాళ్ళ గురించి రాస్తూ ఆ మాటా? ‘నెలవారీ’ అంటే ఈఎంఐ గుర్తొస్తుంది. ఇక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వాళ్ళు తమ సాహిత్య సభలకి ‘నెల నెలా తెలుగు వెన్నెల’ అని పేరు పెట్టుకున్నారు. ‘నెలనెలా’ హాయిగా ఉంది, అది వాడుకోండి.

రాజమండ్రి నుంచి మళ్ళీ:

గ్రీకు అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. ఫై పేరుని మనం ‘ఫ’తో రాస్తాం, పలికేది మాత్రం ఇంగ్లీషు ఎఫ్‌లా. ప్రాచీన గ్రీకులో ఆ అక్షరం ఒత్తు పకారం, ‘ఫలం’ అని సరిగ్గా పలికితే వచ్చే ఫకారం. అలాగే థీటా మన థ, కై మన ఖ. ఈ మూడిటి విషయంలో ఆ క్లబ్బు పెద్దల కన్నా మన ఒకటో తరగతి వాచకమే ప్లేటోకి దగ్గర.

విజయనగరం నుంచి:

అలమ్నైకి ‘పూర్వ విద్యార్థులు’ అని చటుక్కున వచ్చేస్తుంది. లాటిన్‌లో అలమ్నస్ అంటే పెంచుకున్న బిడ్డ, పోషణ పొందినవాడు. మన మాటలో ఆ పోషణ లేదు, ‘పూర్వం’ మాత్రమే ఉంది. పేపర్లో జిల్లా పేజీ తీస్తే చాలు, ‘పూర్వ విద్యార్థుల అపూర్వ సమ్మేళనం’! పదో తరగతి బ్యాచ్ ఏటా కలిసినా ఏటా అపూర్వమే. అంతకు ముందెన్నడూ లేనిది కదండీ అపూర్వం? నెలనెలా కలిసేవాళ్ళకి అది ఎలాగూ వాడలేరు.

‘సతీర్థ్యులు’ అని ఒక మంచి మాట ఉంది, ఒకే గురువు దగ్గర చదివినవాళ్ళు. భాగవతంలో కుచేలుడు ఇంటికొస్తే కృష్ణుడు కూర్చోబెట్టుకుని, గురుపత్ని పంపితే కట్టెల కోసం అడవికెళ్ళి వానలో చిక్కుకున్న రాత్రి గుర్తుచేస్తాడు చూడండి, ఆ బంధం. కానీ మీ క్లబ్బులో డెబ్భై ఏళ్ళాయనా ఎనభై అయిదేళ్ళాయనా కలిసి చదివి ఉండరు.

‘పూర్వసభ్యులు’ అని రాశారు, అది మాత్రం తీసేయండి. ఈ సంఘాల్లో ఒకసారి చేరితే జీవితాంతం సభ్యులే అంటారు. పూర్వసభ్యుడంటే బయటికి వచ్చేసినవాడని అర్థం వస్తుంది. నాకైతే ‘పాతకాపులు’ బాగుంటుంది.

కొలంబస్ నుంచి:

అందరికీ ధన్యవాదాలండీ. ‘కాలేజీ ఫ్రెటర్నిటీ పాతకాపులు నెలనెలా కలిసే భోజనాలకి ఆ నెల వక్తగా నన్ను పిలిచారు’ అని రాసి పంపాను. సంచిక చూసే ఆయన ‘పాతకాపులు’ చుట్టూ ఎర్ర గీత గీసి వెనక్కి పంపారు. కులం మాటలా ఉందట, ఎవరైనా గొడవ చేస్తారేమోనని టెన్షన్ పడుతున్నారు.

రాజమండ్రి నుంచి:

అందులో కాపు అంటే రైతు అమ్మా. ఊరి నేల సంగతి తెలిసిన పాత రైతు పాతకాపు, అక్కడి నుంచి ఏ పనిలోనైనా ఆరితేరినవాడు. ఆయనకి ఇది చెప్పి చూడండి. అయినా ఒప్పుకోకపోతే ‘పాత సభ్యులు’ అని రాసేయండి. ‘పూర్వ’లో వచ్చే చిక్కు ‘పాత’లో రాదు. పాత సభ్యుడంటే ఎప్పటి నుంచో ఉన్నవాడనే ఎక్కువమంది అనుకుంటారు. ‘వక్త’ని మాత్రం మార్చనివ్వకండి.