కరెంటు, నెట్టు రెండూ పోతే మందుల షాపు ఎలగ నడపాలి?

పర్లాకిమిడి కుర్రోడు:
నమస్కారం అందరికీ. మాది పర్లాకిమిడిలో చిన్న మందుల షాపు, నాన్నగారు పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. బిల్లింగ్ అంతా కంప్యూటర్‌లోనే, బ్యాచ్ నంబర్లు ఎక్స్‌పైరీలు అన్నీ అందులోనే, డబ్బులు కూడా సగానికి పైగా క్యూఆర్ కోడ్ మీదే వస్తాయి. అక్టోబర్ అంటే ఇటు అందరికీ భయమే కదా, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను కొట్టినప్పుడు ఒడిశాలో మా గజపతి జిల్లాలో స్తంభాలు పడిపోయి కరెంటు, సిగ్నల్ అన్నీ పోయాయి, అప్పటికి మేం చేత్తోనే బిల్లు రాసేవాళ్ళం కాబట్టి షాపు ఆగలేదు. ఇప్పుడలాంటిది వస్తే ఏటి చెయ్యాలి? బీపీ, షుగర్ మందులకి కొండ మీది ఊళ్ళ నుంచి దిగొచ్చినవాళ్ళని సర్వర్ లేదని వెనక్కి పంపలేను. పెద్ద ఇన్వర్టర్ కొంటే సరిపోద్దా?

బరంపురం హోల్‌సేల్:
ఇన్వర్టర్ బ్యాటరీది గంటల లెక్క తమ్ముడూ, తుఫానుది రోజుల లెక్క. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా బరంపురంలో చూశాం. నువ్వు ముందు ఫ్రిజ్ గురించి ఆలోచించు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రిజ్‌లో ఒక థర్మామీటర్ పెట్టు, మంచి ఐస్ బాక్స్ ఒకటి, ఐస్ ప్యాకులు గడ్డకట్టించి రెడీగా ఉంచు. ప్యాకుకి, మందుకి మధ్య మందపాటి గుడ్డ వెయ్యాలి, నేరుగా తగిలితే ఇన్సులిన్ గడ్డకట్టేస్తుంది, అలా గడ్డకట్టింది కరిగినా పనికిరాదు, పారెయ్యాల్సిందే. పక్క షాపులోళ్ళతో కలిసి చిన్న జనరేటర్ కొనుక్కుంటే ఫ్రిజ్ వరకూ నెట్టుకొచ్చేయొచ్చు.

గుణుపురం సర్వీస్:
అన్న చెప్పింది కరెక్టే, కంప్యూటర్ సంగతి నేను చెప్తా. యూపీఎస్ ఉన్నది పని నడపడానికి కాదు, డేటా సేవ్ చేసి సరిగ్గా ఆపుకోడానికి. బ్యాకప్ అదే కంప్యూటర్‌లో డీ డ్రైవ్‌లో పెట్టి ధీమాగా ఉండేవాళ్ళే ఎక్కువ, హార్డ్ డిస్క్ పోతే రెండూ పోతాయి. పెన్ డ్రైవ్‌లో ఒకటి రోజూ ఇంటికి పట్టుకెళ్ళు, ఆన్‌లైన్‌లో ఒకటి ఉంచు, అప్పుడప్పుడు వేరే లాప్‌టాప్‌లో అది తెరుచుకుంటోందో లేదో చూడు, తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. అన్నిటికన్నా ముఖ్యం, వారానికోసారి స్టాక్ లిస్ట్ ప్రింట్ తీసి పెట్టు, ఏ ర్యాకులో ఏముంది, బ్యాచ్, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీతో సహా. ఆ కాగితాలుంటే చీకట్లో టార్చి పట్టుకునైనా అమ్మొచ్చు.

పర్లాకిమిడి కుర్రోడు:
ప్రింట్ ఐడియా బాగుందన్నా. మరి చేతి బిల్లు రాస్తే జీఎస్టీలో తేడా రాదా? డబ్బుల సంగతేటి?

రాయగడ అకౌంట్స్:
రాదండి. బిల్లు నంబర్లు వేరే సిరీస్‌లో ఉండొచ్చు, జీఎస్టీ రూల్ 46 ఒప్పుకుంటుంది, వరుస తప్పకూడదు, నంబరు 16 అక్షరాలు దాటకూడదు, అంతే. చేతి బిల్లు బుక్కుకి ముందే ఒక సిరీస్ అచ్చు వేయించి పెట్టుకోండి, కరెంటొచ్చాక అవే నంబర్లతో సిస్టమ్‌లో ఎక్కించండి. షెడ్యూల్ హెచ్1 మందులకి (డాక్టర్ చీటీ మీదే ఇవ్వాల్సిన కొన్ని యాంటీబయాటిక్స్ లాంటివి) మాత్రం రిజిస్టర్ అప్పటికప్పుడే రాయాలి, డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, మందు, ఎంత ఇచ్చారో, ఆ రిజిస్టర్ మూడేళ్ళు దాచాలి, ఎంత రద్దీ ఉన్నా దీన్ని వదలకండి.

డబ్బులకొస్తే, నెట్ లేకపోయినా ఫోన్ సిగ్నల్ ఉంటే కస్టమర్ *99# కొట్టి పంపొచ్చు, బ్యాంకులో రిజిస్టరైన నంబర్ నుంచే కొట్టాలి. 2025 ఏప్రిల్ 12న దేశమంతా చాలామందికి యూపీఐ పనిచెయ్యలేదు చూడండి, అలాంటప్పుడు అదీ నమ్మకం లేదు, ఎందుకంటే అదీ యూపీఐ మీదే నడుస్తుంది. అందుకే తుఫాను హెచ్చరిక రాగానే పది, ఇరవై, యాభై నోట్లు బ్యాంకు నుంచి తెచ్చి పెట్టుకోండి. డబ్బులు పంపినట్టు చూపించే స్క్రీన్‌షాట్ చూసి మందులివ్వొద్దు. తెలిసినవాళ్ళకైతే ఖాతా పుస్తకంలో రాసి ఇచ్చెయ్యండి, షుగర్ మాత్ర ఆగకూడదు కదా.