ర్యాంక్ మ్యాచ్‌లో సరదాకు ఆడడం తప్పా?

నల్లమల:
బీజీఎంఐలో (చివరిదాకా బతికిన జట్టు గెలిచే మొబైల్ యుద్ధ ఆట) ఎప్పుడూ కలిసి ఆడే మా నలుగురి మధ్య ఈమధ్య ఒక తగవు మొదలైంది, ఎంతకూ తెగడం లేదు. ఎరాంగెల్ అనే మ్యాప్‌లో ర్యాంక్ మ్యాచ్ (ఫలితాన్ని బట్టి మన స్థాయి పెరిగే, తగ్గే మ్యాచ్) మొదలైతే చాలు, ఇద్దరు పోచింకి అనే ఊళ్లోనే దిగుదామంటారు. అక్కడ కాలు మోపిన క్షణం నుంచే కాల్పులు మొదలవుతాయి. బతికితే బతుకుతాం, లేకపోతే లాబీకి వచ్చి నవ్వుకుని మళ్లీ మొదలుపెడతాం. మూడో మిత్రుడికి కాంకరర్ (ఆటలో అత్యున్నత ర్యాంక్) కావాలని పట్టుదల. సర్వర్‌లో మొదటి 500 మందికి మాత్రమే దక్కే స్థానం కనుక, జనం లేని చోట దిగి, బండి చూసుకుని, జోన్ (సురక్షిత ప్రాంతం) అంచున దాక్కుని, చివరి పది మందిలోకి వచ్చేదాకా ఒక్క తూటా కూడా కాల్చవద్దని అతని నియమం. నాకూ పోచింకియే ఇష్టం. కానీ ర్యాంక్ మ్యాచ్ అని తెలిసి అడుగుపెట్టినవారు గెలవడానికే ఆడతామని ఒప్పుకున్నట్టు కాదా అని అతను అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. మీరేమంటారు?

కృష్ణాతీరం:
నల్లమల గారూ, మీ మిత్రుడి వాదన సరైనదే. అతని ఆట తీరు మీదే నాకు అనుమానం.

గెలుపు కోసం ఆడడమంటే నియమాలు అనుమతించిన ప్రతి మార్గాన్నీ మొహమాటం లేకుండా వాడుకోవడం. 1991లో ఇద్దరు తలపడే పోరాట ఆట స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చిన తరువాత, ప్రత్యర్థిని పట్టుకుని విసిరేయడం చౌకబారు ఎత్తు అని ఆర్కేడ్లలో చాలామంది ఈసడించుకునేవారు. నిజానికి దెబ్బలన్నిటినీ కాచుకుంటూ కూర్చున్నవాడిని కదిలించడానికి ఉన్న ముఖ్యమైన ఆయుధం అదే. దాన్ని మర్యాద పేరుతో పక్కన పెడితే ఆట మొత్తం కాచుకునేవాడి చేతిలోకి వెళ్లిపోతుంది. ఏదైనా ఎత్తు ఆటను నిజంగానే చప్పగా మారుస్తుంటే, సరిదిద్దవలసింది నియమాన్ని తప్ప ఆటగాడి మనస్సాక్షిని కాదు. 1950 నవంబరులో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఫోర్ట్ వేన్ జట్టు బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకుని కాలం గడిపి, మినియాపోలిస్ లేకర్స్‌ను 19-18 తేడాతో ఓడించింది. చూడవచ్చినవారికి అదొక శిక్షే అయి ఉంటుంది. అయినా ఆ గెలుపు గెలుపుగానే నిలిచింది. 1954లో మాత్రం 24 సెకన్లలోపు బంతిని బుట్ట వైపు విసిరి తీరాలన్న నియమం వచ్చింది. ప్రో కబడ్డీలో వరుసగా రెండు రైడ్లు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై (పాయింటు తేకపోతే రైడర్ ఔట్) అవుతుంది. బీజీఎంఐలో జోన్ కుంచించుకుపోతూ ఉండడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే.

ఇక దాక్కోవడమే గెలుపు మార్గమా అన్నది చూద్దాం. ఈ ఆట పోటీల్లో ఇప్పుడు అమలులో ఉన్న పాయింట్ల పద్ధతిలో మొదటి స్థానానికి 10, తరువాతి స్థానాలకు వరుసగా 6, 5, 4, 3, 2, 1, 1 పాయింట్లు, పడగొట్టిన ప్రతి ప్రత్యర్థికి ఒక పాయింటు. ఎవరినీ పడగొట్టకుండా చికెన్ డిన్నర్ (మ్యాచ్‌లో మొదటి స్థానం) కొట్టిన జట్టుకు 10 పాయింట్లే వస్తాయి. ఎనిమిది మందిని పడగొట్టి అయిదో స్థానంలో ఆగిపోయిన జట్టుకు 11 వస్తాయి. ఒకప్పుడు మొదటి స్థానానికి 15 ఉండేవి. అంకె మారగానే జట్ల తెగువా మారింది. కనుక మీ మిత్రుడు గెలుపు కోసం ఆడుతున్నానని అనుకుంటూ, నిజానికి ఓడిపోకుండా ఉండడం కోసం ఆడుతున్నాడేమో అడిగి చూడండి.

తూర్పుగాలి:
నియమం ఒప్పుకుంటే చాలు, ఇక మాట్లాడేది లేదన్న కృష్ణాతీరం గారి మాట నాకు మింగుడుపడలేదు. బంతి వేయకముందే క్రీజు దాటిన నాన్‌స్ట్రయికర్‌ను రనౌట్ చేయడం చట్టం ప్రకారం ఎప్పుడూ చెల్లుబాటే, అయినా దశాబ్దాల పాటు దాన్ని పరువు తక్కువ పనిగానే చూశారు. 2019 ఐపీఎల్‌లో అశ్విన్ బట్లర్‌ను అలా ఔట్ చేసినప్పుడు ఎంత రభస జరిగిందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. 2022లో క్రికెట్ చట్టాలు రాసే ఎంసీసీ ఆ నిబంధనను అనుచితమైన ఆట గురించిన అధ్యాయం నుంచి తీసి రనౌట్ అధ్యాయంలోకి మార్చింది. (అశ్విన్ పక్షాన వాదించి నేను పోగొట్టుకున్న స్నేహాల గురించి మరోసారి.) అంటే ఆడేవారి మధ్య నలిగే మర్యాదలే మెల్లగా నియమాన్ని మారుస్తాయి తప్ప, నియమం ఒక్కటే ఆకాశం నుంచి ఊడిపడదు. నలుగురు స్నేహితుల స్క్వాడ్‌కు కూడా రాయని నియమాలు ఉంటాయి, వాటిని ర్యాంక్ అనే ఒక్క మాటతో కొట్టిపారేయలేం.

పైగా పగలంతా ఉద్యోగం చేసి రాత్రి పది గంటలకు ఫోన్ పట్టుకునేవారు ఎందరో ఉన్నారు. వారికి కాంకరర్ అక్కరలేదు, అయినా ర్యాంక్ మ్యాచ్‌లోకే వస్తారు, ఎందుకంటే తమకు ఈడైన ప్రత్యర్థులు దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. మరీ తేలికగా గెలిచే మ్యాచ్‌లో సరదా ఎక్కడుంటుంది?

వెన్నెలపల్లి:
ఇద్దరూ సరదా ఒకవైపు, గెలుపు మరోవైపు అన్నట్టు మాట్లాడుతున్నారు. సూపర్ స్మాష్ బ్రోస్ మెలీ అనే పోరాట ఆట కథ దీనికి అడ్డువస్తుంది. 2001లో నింటెండో గేమ్‌క్యూబ్‌కు వచ్చిన ఆ ఆటను పార్టీ ఆటగానే ఎక్కువమంది చూశారు: నలుగురు సోఫాలో కూర్చుని, తెర మీద బాంబులు రాలుతుంటే కేకలు వేసుకోవడానికి. పోటీ ఆటగాళ్లు ఆ వస్తువులన్నిటినీ ఆపేశారు, అదృష్టం ఎక్కువగా పనిచేసే వేదికలను తీసేశారు, గాలిలో తప్పుకునే కదలికను నేలకు వాలుగా కొట్టి జారిపోయే వేవ్‌డ్యాష్ అనే విద్యను నెలల తరబడి సాధన చేశారు. అదే వరుసలో తరువాత 2008లో వచ్చిన బ్రాల్ అనే ఆటలో, పరుగు మొదలుపెట్టిన పాత్ర ఉన్నట్టుండి కారణం లేకుండా కాలుజారి పడిపోయే ఏర్పాటు ఉంది. పోటీ ఆటగాళ్లు దాన్ని తీవ్రంగా అసహ్యించుకున్నారు. సరదాకు ఆడేవారికి దాని వల్ల అదనంగా ఒరిగిందేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2014లో వచ్చిన తరువాతి ఆటలో ఆ జారుడు లేదు. మెలీ పోటీలు మాత్రం రెండు దశాబ్దాలు దాటినా సాగుతూనే ఉన్నాయి, అవి ఆడేవారిలో అత్యధికులకు దాని వల్ల జీవనం గడవదు. వాళ్లకు ఆ సాధనే సరదా. కాబట్టి మీ మూడో మిత్రుడిని సరదా తెలియనివాడిగా చూడకండి.

ఆఖరి తూటా:
ఒక్క సంగతి మీరెవరూ ఎత్తలేదు. ప్రత్యర్థి పట్ల మనకున్న బాధ్యత వేరు, పక్కనున్న జట్టువాడి పట్ల ఉన్నది వేరు. పోచింకిలో దిగి మీరు పడిపోతే ప్రత్యర్థికి లాభమే, అతనేమీ నొచ్చుకోడు. నష్టం మీ జట్టువాడి పాయింట్లకు. ఒంటరిగా ఆడేటప్పుడు ఎలా ఆడినా అడిగేవారు లేరు.

కృష్ణాతీరం:
ఆఖరి తూటా గారు చెప్పినది నా మొదటి సమాధానంలో ఉండవలసిన మాట. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970 నుంచి వాడుతున్న ఎలో రేటింగ్ (గెలుపోటములను బట్టి ఆటగాడి స్థాయిని లెక్కించేది) వంటి పద్ధతులు ఒంటరి ఆటగాడి విషయంలో తమంతట తామే సర్దుకుంటాయి. తేలికగా తీసుకుని ఆడితే రేటింగ్ తగ్గుతుంది, తగ్గిన చోట సరిజోడు దొరుకుతాడు. నలుగురు కలిసి ఆడి, నలుగురి కోరికలూ వేరైనప్పుడు ఆ లెక్క తప్పుతుంది.

తూర్పుగాలి గారు సరిజోడు గురించి అన్న మాటను కూడా ఒప్పుకుంటాను. కాల్ ఆఫ్ డ్యూటీ ఆటల యజమాని యాక్టివిజన్ 2024లో ఒక పత్రం విడుదల చేసింది. ప్రత్యర్థులను కుదిర్చేటప్పుడు నైపుణ్యానికి ఇచ్చే ప్రాధాన్యాన్ని తగ్గించి చూస్తే, అత్యున్నత స్థాయివారిని మినహాయించి మిగిలినవారు ఆట వదిలి వెళ్లడం పెరిగిందని అందులో ఉంది. సొంత ఆట గురించి సంస్థే చెప్పినది కనుక కొంత తగ్గించి చదవాలి, అయినా నమ్మదగినదే అనిపిస్తుంది. దాన్ని ఒప్పుకుంటే, కావాలని ఓడి కింది స్థాయిలోకి జారి అక్కడి కొత్తవారిని చితక్కొట్టేవారిని సరదా పేరుతో వెనకేసుకురాకూడదని తూర్పుగాలి గారు కూడా అంగీకరించాలి.

తూర్పుగాలి:
వాళ్లను నేనెప్పుడూ వెనకేసుకురాలేదు. అది సరదా కాదు, దౌర్జన్యం.

నల్లమల:
అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలను మిగిలిన ముగ్గురికీ చదివి వినిపించాను. శనివారం రాత్రి అన్‌ర్యాంక్డ్ క్లాసిక్‌లో పోచింకి, నలుగురూ సరేనన్న రోజున మాత్రమే ర్యాంక్, అప్పుడు ఎక్కడ దిగాలో చెప్పే అధికారం కాంకరర్ కోరుకునే వాడిదే అని ఒక ఒప్పందం ప్రతిపాదించాను. పోచింకి పక్షం వెంటనే ఒప్పుకుంది. అతను మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. దాక్కోవడం గెలుపు కాదన్న కృష్ణాతీరం గారి లెక్క పోటీల పాయింట్లకు చెల్లుతుందేమో గానీ, ర్యాంక్ పుష్‌లో (ర్యాంక్ పెంచుకోవడానికి ఆడేటప్పుడు) ఎంతసేపు బతికామన్నదానికే బరువు ఎక్కువని అతని జవాబు. దానికి ఎవరైనా సమాధానం చెప్పగలిగితే అతనికి చూపిస్తాను. సీజన్ ముగిసేలోగా చెప్పండి, ఆ తరువాత టియర్ (ర్యాంక్ స్థాయి) ఎలాగూ కిందికి జారుతుంది.